లంగరుకు నీళ్లు పోసిన సాయంత్రం

మా అమ్మ బకెట్టు వంచి నేల మీద నీళ్లు పోసింది. పక్కింటి కంచె పక్కన మసకమసకగా వెలుగుతున్న దీపాలన్నీ ఒక్కసారిగా కాంతి తెచ్చుకున్నాయి.

నేనప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్నాను. భుజాన సంచి ఇంకా దించలేదు. కాలేజీ తరఫున వాదపోటీలకు చెన్నై వెళ్లి, అక్కడి బంధువుల ఇంట్లో కొన్నాళ్లుండి, ఆ మధ్యాహ్నమే ఓడ దిగాను. ఓడ ప్రయాణం చేసినవారికి తెలుసు, దిగిన రోజంతా నేల కాళ్ల కింద ఊగుతున్నట్టే ఉంటుంది. అందుకే మొదట నేను అనుమానించింది నా కళ్లనే. వోల్టేజి ఏమైనా పెరిగిందా అని చుట్టూ చూశాను. ఎదురుగా ఉన్న కొట్టులో బల్బు ఎప్పటిలాగే ఉంది. మా వరండా ట్యూబులైటులో మార్పు లేదు. మారినవి ఆ దీపాలు మాత్రమే.

అమ్మ కుళాయి దగ్గరికి వెళ్లి ఇంకో బకెట్టు నింపుకొచ్చింది. చెప్పులు మెట్టు మీద విడిచి, వట్టి పాదాలతో నడిచి వెళ్లి, అదే చోట పోసింది. ఏటవాలు నేల, పగడపు గుల్ల కలిసిన ఇసుక. నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి. దీపాలు ఇంకొంచెం తెల్లబడ్డాయి. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, దేవుడి గదిలో నిలబడ్డట్టు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"సూసినావా? నీలు తాగితేగానీ ఎలగవు ఇయి," అంది నన్ను చూసి నవ్వుతూ.

"ఎవరు చెప్పారమ్మా నీళ్లు పొయ్యమని?"

"మీ నాన్నే. ఎండ కాసిన రోజున మసక్కొడతాయి. పొద్దోయే యేలకి రెండు బకెట్లు పోసినానంటే, ఏక్‌దమ్ దీపావళే."

నీళ్లకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధం గురించి నాకు తెలిసింది పన్నెండో తరగతి భౌతికశాస్త్రం మాత్రమే. కానీ నేలను తడిపితే దీపాలు ప్రకాశించే పరిస్థితి ఒక్కటే ఉంటుంది. దాన్ని నా మనసు ఒప్పుకోవడానికి సిద్ధంగా లేదు. సంచి దించి, చెప్పులతోనే మెట్లు దిగాను.

ఆ దీపాలు మా దీదీవి. దీదీ అంటే పక్కింటావిడ. అమ్మ వయసు. వాళ్ల తాతల కాలంలో రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చిన కుటుంబం, క్రైస్తవులు. మేము సముద్రం మీద బతికే వాళ్లం. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్లం. మా ద్వీపంలోని బతు బస్తీలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక రేకుల కంచె. ఆ కంచె మీదుగా మా చేపల కూర అటు వెళుతుంది, వాళ్ల బియ్యప్పిండి అరిసెలు ఇటు వస్తాయి.

దీదీకి ఒక కోరిక ఉండేది. క్రిస్మస్‌కు ముందు వాళ్ల చర్చి బృందం మాండర్ డప్పు వాయిస్తూ, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతుంది. మా సందుకు మాత్రం ఎప్పుడూ రాలేదు. సందు ఇరుకు, మెట్లు, చీకటి. రోడ్డు మీద దీపాలున్న ఇళ్లు చూసుకుని వాళ్లు అటునుంచి అటే వెళ్లిపోయేవారు. పోయినేడు దీదీ మిఠాయిలు పళ్లెంలో సర్దుకుని గేటు దగ్గర నిలబడి, డప్పు దూరమవుతుంటే విని, లోపలికి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. ఈ ఏడు మా నాన్న మాటిచ్చాడు: "నాను ఎలిగిత్తాను దీదీ. రోడ్డు మీద్దాకా అగుపించాల."

మా నాన్న చేపల వేటకు వెళతాడు. దానితోపాటు మా చుట్టుపక్కల డోంగీలన్నిటికీ కరెంటు పని ఆయనదే. డోంగీ అంటే మా వేట పడవ. బేటరీ, దీపం, హారను, చేపలు చూపించే యంత్రం, ఏది ఆగినా ఆయన కోసమే వస్తారు. కంచె వారన ఆయన కట్టినది చూసినప్పుడు, భయం పుట్టకముందు, నాకు కలిగింది ఆనందమే అని ఒప్పుకోవాలి. పాడైపోయిన మా పాత డోంగీ ముందుభాగాన్ని కోసి నిలువుగా నిలబెట్టాడు. దాని పొట్టలో క్రీస్తు పుట్టిన పశువుల పాక. మనం బొమ్మల కొలువు తీర్చినట్టు దీదీవాళ్లు తీర్చుకునే ఆ కొలువును చర్నీ అంటారు. దాని ముందు ఇనుప పైపులు వంచి తోరణంలా పెట్టి, ఒక కాలును కంచె రేకుకు బిగించాడు. పైపుల మీద నుంచి కంచె దాకా చిరిగిన నైలాను వల పరిచి, వల కన్నుకొక బల్బు చొప్పున సీరియల్ సెట్లు అల్లాడు. వల బాగుచేసే సూదితో, వల ముడులతోనే కట్టాడు. సిప్పీఘాట్ నుంచి తెచ్చిన వెదురుతో నక్షత్రం. అమావాస్య నాడు వల లాగితే నీళ్లలో మెరిసే మెరుపు ఉంటుంది కదా, అచ్చం అలా ఉంది.

బల్బులకు ఒకే ఒక్క తీగ వస్తోంది. అది మా ఇంట్లోంచి వస్తోంది. రెండో తీగ కోసం వెతికాను. లేదు. ప్రతి సీరియల్ సెట్టు రెండో కొసా ఇనుప పైపుకు మెలిపెట్టి ఉంది. పైపు అడుగు నుంచి ఒక తుప్పు పట్టిన గొలుసు నేలలోకి దిగుతోంది. అమ్మ నీళ్లు పోసినది సరిగ్గా అక్కడే.

"ఈ గొలుసు కింద ఏముంది నాన్నా?"

నాన్న మెట్ల మీద కూర్చుని నక్షత్రానికి రంగు కాగితం అంటిస్తున్నాడు. "లంగరు," అన్నాడు సంతోషంగా. "మన పాత డోంగీది. మోకాలి లోతున పాతినాను."

"రెండో తీగ ఏది?"

"రెండో తీగెందుకు? డోంగీలో ఉంటాదా రెండో తీగ? బేటరీ నుంచి ఒక్క తీగ దీపానికి పోద్ది. తిరిగొచ్చేది ఇంజను బాడీ నుంచే గదా. ఇక్కడ పైపు బాడీ. లంగరు భూమి. ఎన్ని అతుకులు తగ్గితే అంత మంచిది. ఉప్పుగాలికి ముందు సచ్చీది అతుకే."

వాదపోటీల్లో మాకు మొదట నేర్పే సూత్రం ఒకటుంది: ఎదుటివారి వాదనను వారికన్నా బలంగా చెప్పగలిగిన తరువాతే దాన్ని ఖండించాలి. మా నాన్న వాదన నిజంగానే బలమైనది. ఆయన తీగలు బిగించిన డోంగీ ఏదీ నడిసముద్రంలో చీకటైపోలేదు. ఉప్పుగాలి అతుకులను తింటుందన్న మాట అక్షరాలా నిజం. పడవలో ఇనుమే రెండో తీగగా పనిచేస్తుందన్నదీ నిజమే. లోపం ఆ తర్కంలో లేదు. అది పుట్టిన చోట ఉంది. పడవ బేటరీది పన్నెండు వోల్టులు. రెండు కొసలూ చేత్తో పట్టుకున్నా తెలియదు. మా గోడలోంచి వచ్చేది మనిషిని చంపే కరెంటు. అది బల్బులు దాటి పైపులోకి వచ్చాక, నేల తడిగా ఉంటే లంగరు దారిన పోతుంది. నేల ఎండితే దానికి దారి ఉండదు. దీపాలు మసకబారతాయి. కరెంటు మాత్రం ఆ పైపులోనే, ఆ కంచె రేకులోనే, ఎవరైనా మనిషి వచ్చి దారి ఇస్తాడేమోనని కాచుకుని ఉంటుంది.

ఈ మాటలన్నీ ఇంత వరుసగా అప్పుడు అనలేదు. "నాన్నా, ఇది పన్నెండు వోల్టులు కాదు," అని మాత్రమే అనగలిగాను.

"కరెంటు కరెంటే. బేటరీలో పుడితే ఏటి, పవర్ హౌసులో పుడితే ఏటి?"

అప్పుడే ఒక వీధికుక్క పైనుంచి మెట్లు దిగి వచ్చింది. కంచె మొదలయ్యే చోట ఆగింది. కాలువ దూకి అవతలి గట్టు మీదికి వెళ్లి, కంచె దాటేదాకా అక్కడే నడిచి, మళ్లీ ఇవతలికి దూకి తన దారిన పోయింది. నేను దాన్నే చూస్తుండటం చూసి అమ్మ, "ఈ మజ్జన కుక్కలన్నీ అలగే ఎల్తన్నాయి," అంది.

"ఎందుకు?"

"కొడతాది గదా."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, వాన వస్తే తడుస్తాం కదా అన్నట్టుగా అంది.

"ఏం కొడుతుంది?"

"కంచె. కొంచెమే. జివ్వుమంటాది."

"నీకు కొట్టిందా?"

అమ్మ బకెట్టు తీసుకుంది. "నానేటి ముట్టుకుంటానా? సెప్పులేసుకుని ముట్టుకుంటే ఎవలికీ కొట్టదు."

దీదీ తన గుమ్మంలోంచి తల బయటపెట్టి, ఎంతో ప్రేమగా అదే మాట అంది: "ఆ గయీ బేటీ? చూడు, ఎంత సుందర్ చేసినాడో మీ నాన్న! కంచె దగ్గర చప్పల్ ఏసుకో, హా? బస్, అంతే."

ఎదురు కొట్టు మామ కూడా బల్ల మీంచి వంత పాడాడు. "సందులో అందరికీ ఎరికే. పేపరోడికి గూడా చెప్పేసినాం."

నేను ఆ ముగ్గురి ముఖాలూ చూశాను. ఒక్క ముఖంలోనూ దాపరికం లేదు. కంచె కరిచే కుక్క అయిపోయింది. వీళ్లు దానికి ఎడంగా నడవడం నేర్చుకున్నారు. అంతే. నేను ఊళ్లో లేని ఆ కొన్ని వారాల్లో మా సందు ఒక కొత్త చట్టం చేసుకుంది. ఒక్కరైనా దాన్ని ప్రశ్నించలేదు. చదువు లేక కాదు. కొట్టు మామ కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. అతను కూడా చెప్పులేసుకునే వస్తున్నాడట.

అప్పుడు నాకు మరొకటి తట్టింది. మా ఇంటికి కొత్త మీటరు బిగించినప్పుడు ఒక ట్రిప్పర్ పెట్టారు. కరెంటు వెళ్లినదంతా తిరిగి రాకపోతే, ఎక్కడో నేలలోకి కారిపోతోందని గ్రహించి, క్షణంలో పడిపోయి సరఫరా ఆపేసే పరికరం అది. ఈ తోరణం వెలిగించిన మరుక్షణం అది పడిపోయి ఉండాలి. లోపలికి పరుగెత్తి డబ్బా మూత తీశాను. ట్రిప్పర్ తన చోటే ఉంది, మీట పైకే ఉంది. కానీ దాని పైనుంచి రెండు ఎర్ర తీగలు వంతెనలా దాటిపోతున్నాయి. పడవల్లో వాడే తీగలు. చివర్లకు నాన్న ఎప్పుడూ చుట్టే నల్ల టేపు.

"దీనికేమైంది నాన్నా?"

"అదా, ఖరాబైపోనాది," అన్నాడు నాన్న గుమ్మంలోంచి. "దీపాలు ఎలిగించగానే ఠప్పున పడిపోయీది. ఎన్నిసార్లు ఎత్తినా పడిపోద్ది. ఇంక దాని మీంచి దాటించి తీగలు ఏసినాను."

మా ఇంట్లో నాకన్నా ముందే అభ్యంతరం చెప్పింది ఆ ట్రిప్పరే. మళ్లీ మళ్లీ చెప్పింది. దాని నోరు కట్టేసి, అది చెడిపోయిందన్నారు. ఆ ఎర్ర తీగల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇది అజ్ఞానమా, అలవాటా, నమ్మకమా? ఏ పేరు పెడితే ఆయనకు అన్యాయం చేయనిదాన్ని అవుతానో అన్నట్టు నాలో నేనే వాదించుకున్నాను. నాకు తెలిసిన అతి జాగ్రత్తపరుడు ఈ పని చేశాడు. వేటకు వెళ్లేముందు ప్రతి ముడినీ రెండోసారి లాగి చూసే మనిషి ఇతడు.

బయటికి వచ్చి మాట్లాడాను. బాగానే మాట్లాడాననుకుంటాను. కరెంటు ఎటు వెళుతోందో, ఎందుకు తిరిగి రావడం లేదో, అమ్మ పోసే నీళ్లు ఏం చేస్తున్నాయో ఒక్కొక్కటే చెప్పాను. కొట్టు మామ బల్ల మీద మోచేతులు ఆనించి శ్రద్ధగా విన్నాడు. ముగిశాక చప్పట్లు కొట్టాడు.

"కప్పు గెలిసొచ్చిందంట గదా మీ గుంట? ఇప్పుడు మన మీద ప్రాక్టీసు చేస్తంది. ఏం బావా, జవాబు చెప్పు. టైమయిపోతంది, గంట కొట్టేస్తారు!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, గర్వమే ఉంది. అది నన్ను మరింత నిస్సహాయురాలిని చేసింది. "బాగా సెప్పినావమ్మా. పండగెల్లినాక రెండో తీగ ఏసేస్తాను. ఈవేళ దీదీ పాటలోళ్లు వస్తన్నారు. ఈవేళ కాదు."

"ఈవేళ ఎవరికైనా ఏదైనా అయితే?"

"ఇన్నాళ్లూ ఎవలికేటైనాది? నేదు గదా. సెప్పులేసుకుంటే ఏటవదు."

డిసెంబరులో మా ద్వీపాల్లో పొద్దు తొందరగా వాలిపోతుంది. బడి పిల్లలు ఇంకా ఆటల్లో ఉండగానే చీకటి పడుతుంది. ఆ మాటల మధ్యనే వెలుతురు తగ్గిపోయి, తోరణం దీపాలు మరింత అందంగా కనిపించసాగాయి. దీదీ ఇంట్లోంచి బాల ఏసు బొమ్మను తెల్లటి బట్టలో పెట్టుకుని తెచ్చింది. బొమ్మను గడ్డి మీద పడుకోబెట్టే పని బృందం రావడానికి కాస్త ముందు చెయ్యాలని ఆవిడ అట్టిపెట్టుకుంది. ఇన్ని రోజులూ ఆవిడ చర్నీ దగ్గర పని చేసింది పగలే. దీపాలు వెలుగుతుండగా దగ్గరికి రావడం అదే మొదటిసారి.

తోరణానికి అడుగు దూరాన ఆవిడ చెప్పులు విడిచింది.

ఒక చెప్పు, తరువాత రెండోది. తడి నేల మీద వట్టి పాదాలు. తోరణం ఎత్తు తక్కువ. వంగితేగానీ లోపలికి చెయ్యి పోదు. ఎడమచేతిలో బొమ్మ ఉంది. ఆవిడ వంగుతూ ఊతం కోసం కుడిచెయ్యి పైపు మీదికి చాచింది.

"ముట్టుకోవద్దు!"

నా గొంతు అలా వస్తుందని నాకే తెలియదు. దీదీ అదిరిపడి వెనక్కి తూలింది. బొమ్మను గుండెకు హత్తుకుని కూలబడింది. కొట్టు మామ లేచి నిలబడ్డాడు. నాన్న చేతిలోని జిగురు డబ్బా మెట్ల మీద దొర్లింది.

"క్యా హువా? పామా?" అంది దీదీ.

"దీదీ, చెప్పులు విప్పేశావు."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అరే, మరి? దేవుడి దగ్గరకి చప్పల్‌తో ఎవరు వస్తారు?"

"పాటలు పాడేవాళ్లు?"

"వాళ్లు భీ విప్పేస్తారు నా. ఒక్కొక్కరు వంగి, బచ్చా కాళ్లు ముట్టుకుని..." అంటూ ఆవిడ ఆగిపోయింది. ఆవిడ కళ్లు తన పాదాల మీదికి, అక్కడి నుంచి పైపు మీదికి వెళ్లాయి.

సందు మొత్తం నమ్ముకున్న ఒకే ఒక్క రక్షణ చెప్పులు. సందు మొత్తం ఎదురుచూస్తున్న మనుషులు చెప్పులు విప్పి వస్తారు. ఒక్కొక్కరూ తడినేల మీద నిలబడి, వంగి, పైపు పట్టుకుంటారు. దీదీకి చెప్పులు తెలుసు, పూజ తెలుసు. మా నాన్నకు తీగలు తెలుసు, పూజ కూడా తెలుసు. ఇన్ని వారాలుగా ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను లోపలికి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను. ఇల్లూ, తోరణమూ ఒక్కసారిగా చీకటైపోయాయి.

"ఎవలడిగి ఆపినావు?" నాన్న గొంతు గుమ్మంలో వినిపించింది. ఆయన నన్ను అలా గద్దించడం నా జ్ఞాపకంలో లేదు. అదే సమయంలో పైన రోడ్డు వైపు నుంచి మాండర్ దెబ్బ వినిపించింది. దీదీ సన్నగా, "భయ్యా, అంధేరా దేఖ్‌కే చలే జాయేంగే..." అంది. చీకటి చూసి వాళ్లు వెళ్లిపోతారు. పళ్లెం నిండా మిఠాయిలతో ఆవిడ మళ్లీ లోపలికి వెళుతుంది. అందుకు కారణం నేనే అవుతాను.

"జరుగమ్మా. పైపు ముట్టుకోవద్దని నానే నిలబడి చెప్తాను," అన్నాడు నాన్న.

"అంతమందికి? పాట పాడుతూ వచ్చే వాళ్లకి?"

"జరుగు."

డబ్బాకు వీపు ఆనించి నిలబడ్డాను. నేర్చుకున్న వాదనలేవీ గుర్తుకు రాలేదు. చీకట్లో ఆయన ముఖం కూడా సరిగ్గా కనిపించడం లేదు. నిజంగా తెలుసుకోవాలనిపించి ఒక ప్రశ్న మాత్రం అడిగాను.

"నాన్నా, నువ్వు చెప్పులు విప్పి ఆ పైపు పట్టుకుంటావా?"

డప్పు ఇంకొంచెం దగ్గరైంది. నేను ఆయన నుంచి ఎదురుచూసింది "పట్టుకుంటాను, ఏటవుద్ది?" అనే మాట. ఆయన ధైర్యం నాకు తెలుసు కదా.

"పట్టుకోను," అన్నాడు.

అంత మెల్లగా, అంత స్పష్టంగా అన్నాడు. ట్రిప్పర్ చూసినప్పటికన్నా, దీదీ చెయ్యి చాచినప్పటికన్నా ఆ ఒక్క మాటకే నేను ఎక్కువగా నివ్వెరపోయాను. ఆయనకు తెలుసు. చేతికి తెలుసు, ఒంటికి తెలుసు. తన నోటితో తాను అనేదాకా ఆ తెలిసినది మాటగా మారలేదు. ఆయన కూడా తన జవాబు విని ఆశ్చర్యపోయినట్టే ఉంది. గోడకు వేలాడుతున్న వేట టార్చి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

టార్చి వెలుగు సందు మెట్లెక్కుతూ పోవడం చూశాను. పైన డప్పు ఆగింది. ఏవో మాటలు, ఎవరిదో నవ్వు. తరువాత ఆ వెలుగు మళ్లీ కిందికి దిగసాగింది. ఈసారి దాని వెనక చాలా పాదాలున్నాయి. నాన్న ముందు నడుస్తూ, "ధీరే, ధీరే, ఈ మెట్టు ఇరిగింది," అంటూ ఒక్కొక్కరికీ దారి చూపిస్తూ తీసుకొచ్చాడు. దీదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ గేటు ముందుకు వాళ్లు రావడం అదే మొదలు.

బృందంలో ఒక కుర్ర గాయకుడు చీకటి తోరణాన్ని చూసి నవ్వాడు. "అంకుల్, ఇతనా బడా డెకరేషన్! బత్తీ తో జలావో!"

దీపాలు వెలిగించమని మిగతావాళ్లూ అందుకున్నారు. "జలావో! జలావో!"

నాన్న తోరణం పక్కకు వెళ్లాడు. చెప్పులు విప్పాడు. పైపు మీద చెయ్యి వేసి, ఇటు తిరిగి నిలబడ్డాడు. నేను ఉలిక్కిపడి మెయిన్ స్విచ్ దగ్గరికి మళ్లీ పరుగెత్తి, అది కిందికే ఉందని చేత్తో తడిమి చూసి వచ్చాను.

"బత్తీ బంద్," అన్నాడు నాన్న అందరికీ వినబడేలా. "మేరా వైరింగ్ గలత్ హై. జలాయేగా తో కరెంట్ మారేగా. మీరు సెప్పులిప్పి దండం పెట్టుకుంటారు గదా, అందుకే బంద్."

తన వైరింగు తప్పని, వెలిగిస్తే కరెంటు కొడుతుందని. నేను గంటసేపు వాదించినా ఆయన నోట పలికించలేకపోయిన మాట అది. దీదీ కొవ్వొత్తులు తెచ్చింది. వాళ్లు ఫోన్ల వెలుగులో, కొవ్వొత్తుల వెలుగులో పాడారు. చెప్పులు విప్పి, వంగి, పైపు పట్టుకుని, బొమ్మ పాదాలు ముట్టుకున్నారు. ప్రతి చెయ్యీ ఇనుముకు తగిలిన ప్రతిసారీ నా ఊపిరి ఆగింది. ఆ పైపులో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆగింది.

పాట అయిపోయి మిఠాయి పళ్లెం తిరుగుతుండగా, ఒకావిడ నవ్వుతూ అంది: "అరే భయ్యా, ఇందులో షరమ్ ఏముంది? మా ఫ్రిజ్ భీ మార్తా హై. గుడ్డ పెట్టి తలుపు తీస్తాం."

"మా ఇంట్లో వాషింగ్ మెషీను," అన్నాడు ఇంకొకడు. "పీట మీద నిలబడితే కొట్టదు."

"మాకు మోటారు. మా అత్తకి మాత్రం కొట్టదు. కరెంటు కూడా డర్తా హై ఉస్‌సే!"

అందరూ పగలబడి నవ్వారు. డెలానీపూర్ నుంచి వచ్చినాయన, వాళ్ల క్వార్టర్సులో కుళాయే కొడుతుందనీ, స్నానానికి ముందు మగ్గుతో తట్టి చూస్తామనీ చెప్పాడు. కొట్టు మామ తన కొట్టు షట్టరు కథ చెప్పాడు. ఒకరిని మించి ఒకరు చెప్పుకుంటున్నారు, చేప ఎంత పెద్దదో చేతులు చాచి చూపించుకున్నట్టు. నేను ఒక్కొక్క నోటి వంకా చూస్తూ నిలబడ్డాను. ఇది మా ఒక్క కంచె సంగతి అనుకున్నాను. ప్రతి ఇంట్లోనూ ఒక చట్టం ఉంది. గుడ్డ, పీట, మగ్గు, చెప్పులు. వీళ్లంతా ప్రతి రోజూ చావు పక్కనుంచి ఒద్దికగా తప్పుకుని నడుస్తూ, దానికి నవ్వుకుంటున్నారు.

నవ్వు కాస్త సద్దుమణిగింది. వంతు తనకు వచ్చిందనుకున్నట్టుగా, పళ్లెం పట్టుకుని నిలబడ్డ అమ్మ అందుకుంది.

"నాకయితే ఈ పైపే," అంది నవ్వుతూనే. "దీపాల కాడికి సెప్పులతో ఎలా ఎల్తాను? నీలు పోసి లేసినప్పుడల్లా దీన్నే పట్టుకునీదాన్ని. మోచెయ్యి దాకా జివ్వుమనీది. మొన్నొకరోజు చెయ్యి ఊడి రానేదు. లాగినా రానేదు. ఎలాగో కాళ్లు జారి పడిపోనాను గానీ."

ఎవరూ నవ్వలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఇంత సులువైన ప్రశ్న అడుగుతావేమిటన్నట్టు అమ్మ నా వైపు చూసింది. "సెప్తే ఆపేద్దురు గదా. పాపం, దీదీ ఎన్నేళ్ల నుంచి సూస్తంది?"

పైపులో కరెంటు లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అయినా నాన్న దాని మీదున్న తన చేతిని కాలినట్టు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.